జీడినూనె పూసిన సైన్యం

"అత్తా, నీళ్ళ సంచి మార్చేసుకున్నారా?"

వంటింట్లోంచి కోడలు ప్రమోదిని కేక వేసింది. పోపు చిటపటల మధ్య ఆ గొంతు గదిలోకి వచ్చింది. మంచం మీద కూర్చున్న బొడ్డమ్మ రెండు చేతులూ చీరకొంగు కింద దాచుకుంది.

"ఆ... అయిపోనాది," అంది.

కొడుకింటికి వచ్చాక ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. చిన్నది కూడా కాదు. ప్రాణం మీదకి తెచ్చే అబద్ధం.

ఉద్దానంలో చాలామందికి పోయినట్టే బొడ్డమ్మకీ కిడ్నీలు పోయాయి. అంతకుముందే భర్తనీ ఆ జబ్బే తీసుకుపోయింది. జలంత్రకోటలో జీడితోట కౌలుకిచ్చేసి, కాశీబుగ్గలో మొబైల్ రిపేరు షాపు నడుపుకునే కొడుకు ఢిల్లేశ్వరరావు దగ్గరికి వచ్చేసింది. రెండేళ్ళపాటు వాడి బండి వెనక కూర్చుని ఆసుపత్రికి తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పూటంతా పడుకోవడం, నీరసంతో వాడి భుజం మీద వాలి ఇంటికి రావడం.

ఇప్పుడు ఆ తిరుగుడు లేదు. డాక్టర్లు కడుపులోకి సన్నటి గొట్టం అమర్చారు. రోజుకు నాలుగుసార్లు లోపలి పాత నీళ్ళు కింది సంచిలోకి దింపి, పైన కొత్త సంచి తగిలించి మందునీళ్ళు ఎక్కించుకోవాలి. ఒంట్లోని చెడునంతా ఆ నీళ్ళే లాగేస్తాయి. ఇంట్లోనే, తన చేతులతో తానే చేసుకోవచ్చు.

షరతు ఒక్కటే. శుభ్రం. తలుపులు మూయాలి, ఫ్యాను ఆపాలి, ముఖానికి మాస్కు కట్టాలి. నర్సు ఆ పని ఇద్దరికి నేర్పింది, బొడ్డమ్మకీ, ఢిల్లేశ్వరరావుకీ. నేర్పుతూ ఒక మాట గట్టిగా చెప్పింది. "చేతిమీద పుండు గానీ పొక్కు గానీ ఉంటే గొట్టం ముట్టుకోకండమ్మా. కడుపులో చీము పడిందంటే మళ్ళీ మా చేతుల్లో కూడా ఉండదు."

బొడ్డమ్మ కొంగు తొలగించి చూసుకుంది.

పది వేళ్ళకీ పొక్కులే. నిన్న ఎర్రగా కందినవి, ఇవాళ నీళ్ళు నిండి ఉబ్బాయి. ఉద్దానంలో పుట్టిన వాళ్ళెవరికీ అవేమిటో వేరే చెప్పక్కర్లేదు. జీడి పొక్కులు.

ఇంతకీ ఆ గది బొడ్డమ్మది కాదు. ఢిల్లేశ్వరరావు యుద్ధరంగం.

వాడికి చిన్నప్పట్నించీ ఒకటే పిచ్చి. అగ్గిపెట్టెంత ట్యాంకులు, చిటికెన వేలి కణుపంత సైనికులు. కొన్ని తెప్పించుకునేవాడు, కొన్ని తనే చెక్కేవాడు. భూతద్దం దీపం కింద కూర్చుని, ఊపిరి బిగబట్టి, సైనికుడి కంట్లో నల్లగుడ్డు దిద్దేవాడు. పెద్ద బల్ల మీద ఇసుక కొండలు, కాలవలు, వంతెనలు కట్టి, ఎదురుగా ఇంకొకడు కూర్చుంటే ఇద్దరూ పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి యుద్ధం ఆడుకునేవారు. పులీ మేకా ఆటకి పెద్దన్నయ్య లాంటిదని బొడ్డమ్మకి అర్థమైంది. అంతకుమించి ఆమె పట్టించుకోలేదు.

రంగు ఆరేదాకా దుమ్ము పడకూడదని వాడు ఆ గది కిటికీల సందులన్నీ రబ్బరుతో మూయించాడు. అదే కొంపముంచింది. ఇల్లు చూడడానికి వచ్చిన నర్సు ప్రతి గదిలోనూ వేలితో గోడ రాసి చూసి, "ఇదొక్కటే పనికొస్తుంది" అని తేల్చేసింది.

ఢిల్లేశ్వరరావు కిక్కురుమనలేదు. ఆ సాయంత్రమే బల్ల, బొమ్మలు, రంగు సీసాలు అన్నీ పెరట్లో రేకుల షెడ్డులోకి మోసేసాడు. వాడు అరిచినా బాగుండేది. ఆ మౌనం బొడ్డమ్మ గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

మొన్న షెడ్డులో కొబ్బరి మట్టల కోసం వెళ్ళింది. బల్ల కింద తెల్లటి పొడి రాలి ఉంది. వేలితో తీసి చూసింది. పురుగు! చెక్కకి సన్నటి కన్నాలు. పక్కనే అట్టపెట్టెల్లో ట్యాంకులు. వాటి ఒళ్ళు కూడా చెక్కే.

తన గది కోసం వాడి సామాను బయటపడింది. బయటపడ్డ సామానుకి పురుగు పట్టింది. ఇంక బొడ్డమ్మ ఆగుతుందా? ఆమె పుట్టిల్లు బారువ. సముద్రప్పురుగు తినెయ్యకుండా పడవలకి జీడిపిక్క పెంకులోంచి తీసే జీడినూనె పట్టించడం కళ్ళారా చూస్తూ పెరిగింది. ఊరినుంచి తెచ్చుకున్న సీసా మూత తీసింది. బల్లకి రాసింది. కొమ్ములా పొడుచుకొచ్చిన ఫిరంగి గొట్టాలతో సహా ట్యాంకులన్నిటికీ గుడ్డపీలికతో ఒత్తి ఒత్తి రాసింది. నల్లగా నిగనిగలాడాయి. "ఇంక నూరేళ్ళు సూసుకోనక్కర్లేదు," అని మురిసిపోయింది.

జీవితమంతా జీడిపప్పు ఒలిచిన చేతులవి. ఆ నూనె వాటినేం చెయ్యలేదనుకుంది. కానీ జబ్బుపడ్డ ఒంటికి చర్మం ఉల్లిపొరలా పలచబడిపోతుందని ఆమెకి తెలియలేదు.

సరే, పొక్కులు వస్తే వచ్చాయి, చెప్పెయ్యొచ్చుగా?

చెప్పకూడదు. ఇవాళ అస్సలు చెప్పకూడదు. మధ్యాహ్నం బండికి ఢిల్లేశ్వరరావు విశాఖపట్నం వెళ్తున్నాడు. రేపూ ఎల్లుండీ అక్కడ ఆ ఆటలాడే వాళ్ళందరూ కలుస్తారు. తల్లిని ఆసుపత్రికి తిప్పడంతో రెండేళ్ళు వాడు ఆ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు ఆమె పని ఆమె చేసుకుంటోంది కాబట్టే కాలు బయటపెడుతున్నాడు. ఈ చేతులు చూశాడా, ఆగిపోతాడు.

బొడ్డమ్మ పథకం వేసేసింది. కొడుకు గుమ్మం దాటగానే ఆటో ఎక్కడం. ఆసుపత్రికి వెళ్ళి నర్సు చేత సంచి మార్పించుకోవడం. రెండురోజులూ అంతే. పాదాలు ఇప్పటికే బరువెక్కాయి, ఆయాసం మొదలైంది. ఫరవాలేదు. మధ్యాహ్నం దాకా ఓర్చుకుంటే చాలు.

"అమ్మా! టిఫిను తిన్నావా?"

ఢిల్లేశ్వరరావు హుషారుగా తలుపు దగ్గరికి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నాడు.

"తిన్నాను గాని, నువ్వింకా తెమల్లేదేటి? బండి నీకోసం ఆగుతాదేటి?"

"ఇంకా గంట టైముందే. పెట్టెలు కట్టడమే."

"పెట్టెలు నాను కట్టేసాను. తాళ్ళు కూడా ఏసేసాను. ఇప్పకు, ఆలీసెమవుతాది."

వాడు నవ్వాడు. "నువ్వు కట్టినావా? ఫిరంగులు ఇరిగిపోతాయే తల్లీ! ఒక్కోదానికీ స్పాంజి ముక్క సుట్టాలి."

"ఢిల్లీ, ఒద్దురా..."

అప్పటికే వాడు పెరట్లోకి వెళ్ళిపోయాడు. బొడ్డమ్మ గోడ పట్టుకుని లేచింది. వాడు సంతోషిస్తాడనే అనుకుంది. కానీ నిన్న సాయంత్రం కూడా నూనె ఆరలేదు. ఎందుకో అప్పట్నించీ అనుమానం పీకుతోంది.

షెడ్డులోంచి ఏ శబ్దమూ రాలేదు. అందుకే భయం వేసింది.

ఢిల్లేశ్వరరావు పెట్టె రెండు చేతులతో మోసుకుని నడవాలోకి వచ్చాడు. కింద పెట్టాడు. ముఖం పాలిపోయింది.

"ఎవరు సేసారిది?"

"నానే," అంది బొడ్డమ్మ నిబ్బరంగా. "పురుగు పట్టింది. జీడినూనె రాసాను. తప్పేటి?"

"పురుగా? బల్లకి పడితే బల్లకి రాయాల. దీనికేల రాసావే? ఎడారి ఇసక రంగే అమ్మా ఇది! పొర మీద పొర, పొర మీద పొర ఏసి తెచ్చాను. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు! జిగురు కారతన్నాయి!"

"ఎండలో ఎడితే ఆరిపోతాది..."

"రేపు ఆట! ఎప్పుడెడతావు ఎండలో?"

ప్రమోదిని గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? మెల్లిగా మాట్లాడండి, వీధిలోకి వినిపిస్తుంది."

"వినపడనీ! గదిచ్చాను. నోరెత్తినానేటి? షెడ్డులో పడేసుకున్నాను. నోరెత్తినానేటి? నాకు మిగిలింది ఈ ఒక్క పెట్టె. అది కూడా నాకు ఒగ్గలేకపోనావా అమ్మా?"

ఆ మాట బొడ్డమ్మని సూటిగా తాకింది. అయినా ఆమె తగ్గే మనిషి కాదు.

"ముప్పయ్యేళ్ళు దాటినోడివి, బొమ్మలకేటిరా ఇంత గోల? నీ గది నాకక్కర్లేదు. రేపే జలంత్రకోట ఎల్లిపోతాను!"

"బొమ్మలా?" వాడి గొంతు ఒక్కసారిగా దిగిపోయింది. పెట్టెలోంచి ఒక ట్యాంకు తీశాడు. "ఇది ఎక్కడ సెక్కానో తెలుసా నీకు?"

బొడ్డమ్మ ట్యాంకు వైపు చూసింది.

"ఆసుపత్రి వరండాలో. నువ్వు లోపల మిషను మీద పడుకుంటే నాను బయట ఏటి సేసేవోడిననుకున్నావు? నీ పప్పు ఒలిసే కత్తి తెచ్చుకుని సెక్కేవోడిని. సేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కిపోయేది. నీ బీపీ పడిపోయి నర్సులందరూ పరిగెట్టారు సూడు, ఆ రోజుది ఇది. తలుపు తీసి 'బాగానే ఉంది' అని సెప్పేదాకా ఈ చక్రాలు సెక్కాను. ఇది రక్తం ఎక్కించిన రోజుది. ఇదిగో, ఇది నువ్వు నవ్వుకుంటా బయటికొచ్చిన రోజుది."

వంటింట్లో పోపు మాడుతున్న వాసన వస్తున్నా ప్రమోదిని కదల్లేదు.

రెండేళ్ళు ఆ తలుపుకి ఇవతల బొడ్డమ్మ తను ఒంటరిగా చావుతో పోట్లాడుతున్నాననుకుంది. తలుపుకి అవతల వీడూ పోట్లాడుతున్నాడని ఎన్నడూ తోచలేదు.

"పట్టుకో," అన్నాడు వాడు, బీపీ పడిపోయిన రోజు చెక్కిన ట్యాంకు చాపుతూ. "పట్టుకుని సూడు ఎలగైపోనాదో."

ఆమె చేతులు కొంగులోంచి బయటికి రాలేదు.

"పట్టుకోవే అమ్మా!"

"నాకొద్దు."

వాడు కోపంగా ఇంకొంచెం ముందుకు చాపాడు. ఆమె వెనక్కి తగ్గింది. జిగురు ట్యాంకు వాడి వేళ్ళలోంచి జారి నేల మీద పడింది. ఫిరంగి గొట్టం టప్పున విరిగింది. అలవాటుగా, తెలియకుండానే, బొడ్డమ్మ దాన్ని అందుకోబోయి చేయి బయటపెట్టేసింది.

ఢిల్లేశ్వరరావు ఆ మణికట్టు పట్టుకున్నాడు.

ఒక్క క్షణం చూశాడు. రెండో చేయి కూడా లాగి చూశాడు.

"జీడి పొక్కులు," అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు.

ప్రమోదిని గబగబా గదిలోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానూ బయటికి వచ్చింది. "ఏమండీ, బుట్టలో ఖాళీ సంచి లేదు. అత్త పొద్దున్న నీళ్ళు మార్చనే లేదు!"

"అమ్మా!"

ఈసారి వాడి అరుపులో కోపం లేదు. చీకట్లో తల్లి చెయ్యి జారిపోయిన పిల్లవాడి అరుపది.

"అరవకురా. నువ్వు బండెక్కినాక ఆటోలో ఎల్లిపోదామనుకున్నాను. నర్సమ్మ మారుస్తాది."

"నాకేల సెప్పలేదు?"

"సెప్తే నువ్వు ఎల్తావేటి?"

వాడు తల దించి, నేల మీద విరిగి పడ్డ ట్యాంకు వైపు చూశాడు.

"రెండేళ్ళు నా ఎనకాలే తిరిగినావు. ఒక్కపాలి నీ సరదాకి నువ్వు ఎల్తుంటే సూద్దామనుకున్నాను. పురుగు పట్టిన బల్ల సూసి నా పేనం ఒప్పలేదురా. నా మూలంగానే కదా అది షెడ్డుకెల్లింది! బాగుసేద్దామని రాసాను. పాడుసేసాను." ఇన్నాళ్ళూ మిషను ముందు కూడా తడవని బొడ్డమ్మ కళ్ళు అప్పుడు తడిశాయి. "ఎల్లు నాయనా. ఇంకా టైముంది. నాను ఆటో పిలుసుకుంటాను."

ఢిల్లేశ్వరరావు కొత్త చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ప్రమోదినీ, ఫ్యానాపు. కొత్త సంచి వెచ్చబెట్టు. నాను చేతులు కడుక్కుని వస్తాను."

"ఢిల్లీ, నీ బండి..."

"నోరుమూసుకుని మంచమెక్కు!" అన్నాడు కొడుకు. తల్లిని వాడు అలా గదమాయించడం అదే మొదలు. బొడ్డమ్మ మారుమాట్లాడకుండా మంచమెక్కింది.

మోచేతులదాకా సబ్బుతో రుద్ది రుద్ది కడిగిన చేతులతో వాడు లోపలికి వచ్చాడు. మాస్కు పైనుంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. భూతద్దం దీపం మంచం మీదకి వంచాడు. ఒకప్పుడు సైనికుల కళ్ళు దిద్దిన దీపమే అది.

బొడ్డమ్మ వాడి చేతుల్నే చూసింది. గొట్టం మూత తిప్పేటప్పుడు వాడు ఊపిరి బిగబట్టాడు. వేళ్ళు వణకలేదు. ఎక్కడ ముట్టుకోవాలో అక్కడే ముట్టుకున్నాయి, ముట్టుకోకూడని చోటికి వెంట్రుకవాసి కూడా జరగలేదు. తను రోజూ చేసేదానికంటే నిదానంగా, తనకంటే శ్రద్ధగా సంచి తగిలించాడు. నీళ్ళు దిగసాగాయి. గుండెల మీద బరువు కొద్దికొద్దిగా తేలికైంది.

ఈ నిలకడ వీడికి ఎక్కడిది? ఇన్నేళ్ళూ వేలెడు లేని బొమ్మల మీద వంగి వాడు సంపాదించుకున్నది ఇదే కదా! పిచ్చి అనుకుంది. పనికిమాలిన సరదా అనుకుంది.

దూరంగా పలాస స్టేషన్‌లో బండి కూత వేసింది. ముగ్గురూ విన్నారు. ఎవరూ తల తిప్పలేదు.

"ఎల్లిపోనాది," అంది బొడ్డమ్మ నెమ్మదిగా.

"ఎల్లనీ. మళ్ళీ వస్తాది," అన్నాడు వాడు. కొత్త నీళ్ళు ఎక్కించి, గొట్టానికి కొత్త మూత బిగించాకే ఊపిరి వదిలాడు. మాస్కు లాగేసి మంచం పక్కన కూలబడ్డాడు. "ఇంకెప్పుడైనా అబద్ధమాడితే సూడు. నిన్ను కూడా షెడ్డులో ఎట్టేస్తాను."

"ఎట్టు. పురుగు పట్టకుండా నాకూ నూనె రాయి."

ప్రమోదిని ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "పప్పు మాడిపోయింది, ఇవాళ అందరికీ పెరుగన్నమే," అని ప్రకటించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఢిల్లేశ్వరరావు గదిలోకి ఒక చిన్న బల్లచెక్క తెచ్చాడు. తడిగుడ్డతో తుడిచి, మంచానికి కాస్త ఎడంగా పెట్టాడు. దాని మీద కాలవ, వంతెన, రెండు కొండలు గీశాడు. ఒక పక్క రంగు సైనికులు. రెండో పక్క, గ్లవుసులు వేసుకున్న చేతుల్తో, కాగితాల మీద నిలబెట్టిన నల్ల ట్యాంకులు.

"నువ్వు ముట్టుకోకు. సెప్పు, నాను జరుపుతాను. ఆ నల్లవి నీవి."

"నాకేటి తెలుసురా ఈ ఆట?"

"జలంత్రకోటలో పులీ మేకా ఆడి నాన్నని రోజూ ఓడించేదానివి కాదేటి?"

బొడ్డమ్మ కాసేపు బల్లని చూసింది. తరవాత గడ్డం ఎగరేసి, "ఆ ఇరిగిన ఫిరంగి బండిని వంతెన మీద ఎట్టు. కదపకు. నీ కుర్రగుంటలందరూ దానికోసం అక్కడికే వస్తారు. మిగతావాటిని కొండ ఎనకనించి తే," అంది.

వాడు ఓడిపోయాడు. మర్నాడు కూడా ఓడిపోయాడు.

పొక్కులు మాని కొత్త చర్మం వచ్చేదాకా నీళ్ళ సంచి వాడే మార్చాడు. ఈలోగా నర్సుని పిలిపించి ప్రమోదినికీ ఆ పని నేర్పించాడు. ట్యాంకులు రోజూ డాబా మీద ఎండలో కూర్చున్నాయి. జిగురు ఇంకిపోయింది. నలుపులో ఎరుపు తేలి, అంచుల్లో అడుగునున్న ఇసుక రంగు మెరుస్తూ, మంటల్లోంచి నడిచొచ్చిన ట్యాంకుల్లా తయారయ్యాయి. పైన వార్నిషు పూసేశాక ముట్టుకున్నా భయం లేకపోయింది. విరిగిన గొట్టాన్ని మాత్రం వాడు అతికించలేదు.

మళ్ళీ విశాఖపట్నంలో ఆట పెట్టినప్పుడు ఢిల్లేశ్వరరావు కారు మాట్లాడాడు. వెనక సీటు నిండా రెండు రకాల పెట్టెలు. ఒకరకంలో సైన్యం, రెండోరకంలో నీళ్ళ సంచులు. మధ్యలో మహారాణిలా బొడ్డమ్మ. లాడ్జి గది తలుపులు తానే దగ్గరుండి మూయించి, ఫ్యాను ఆపించి, పొద్దున్న సంచి తన చేతులతో తానే మార్చుకుని హాల్లోకి వచ్చింది.

నల్ల ట్యాంకుల చుట్టూ జనం మూగారు. కళ్ళజోడు కుర్రాడొకడు వంగి వంగి చూసి ఉండబట్టలేక అడిగాడు. "ఇది ఏ కంపెనీ రంగు సార్? ఎన్ని తంటాలు పడ్డా మాకు రాలేదు."

ఢిల్లేశ్వరరావు తల్లి వైపు చూశాడు.

"రంగు కాదు నాయనా, పురుగుమందు," అంది బొడ్డమ్మ. "మా ఉద్దానం జీడినూనె. రాస్తే గ్లవుసులేసుకుని రాయండి. నాలాగ ఒట్టి సేతుల్తో రాసీకండి."

కుర్రాళ్ళు గొల్లున నవ్వారు. ఆట మొదలైంది. ఎదుటివాడి దళం వంతెన వైపు కదలగానే ఢిల్లేశ్వరరావు కంగారుగా విరిగిన ఫిరంగి ట్యాంకు మీదకి చెయ్యి చాపాడు.

బొడ్డమ్మ ఆ చేతిమీద చిన్నగా కొట్టింది.

"కదపకు. బీపీ పడిపోయిన రోజు నాను బతికి బయటికొచ్చిన బండిరా అది. దానికేటీ కాదు."

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బొడ్డమ్మ తన కొత్త వేళ్ళతో, కొండ వెనక దాగిన మిగతా సైన్యాన్ని ముందుకు నడిపింది.